యజమాని కోపము - న్యాయస్థానము



వంటలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, వ్రతకథలను గూర్చియు చదువుకొను ఈ పుటలలో కచ్చేరీల సంగతియు, న్యాయస్థానముల సంగతియు నేల యని మీలో కొందరు శంకింపవచ్చును. దానికి మా సమాధాన మిది. అధికారి తన క్రింద పనిచేయువానిపై పడిన కోపము కచ్చేరీలోనే నిలిచిపోవునది కాదు. సాయంకాలమగునప్పటికి అది ఆ ఉద్యోగి వెంట నడచి యింటికి వచ్చును. వడ్డించిన సంగటి ముద్ద కంచములో నట్లే యుండిపోవును. ఎన్నడును దెబ్బ తినని బిడ్డ పుస్తకమొకటి చినిగినదని రెండు దెబ్బలు తినును. ఏమి జరిగినదని భార్య యడిగినచో 'నీకెందుకు?' అను మాట వచ్చును. కచ్చేరీలో పుట్టిన కోపమునకు కడపటి యిల్లు మన వంటయిల్లే. కావున దాని సంగతి మనము తెలిసికొనుట తప్పుగాదు.

మా పుట్టినిల్లు కర్నూలు, మెట్టినిల్లు కడప సీమ. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన భారత భాగవతములే మా చదువు. మా చుట్టుప్రక్కల నుండు సంసారములలో ఎర్రగుంట్ల వైపు సిమెంటు కర్మాగారములలో పనిచేయువారు గలరు. బేతంచెర్ల నాపరాళ్ల గనులనుండి వచ్చినవారు గలరు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో గుమాస్తాలుగా నున్నవారు గలరు. మా సీమవారు కోపిష్ఠులని పరిహాసమాడువారు కొందరు గలరు. చైత్రము దాటినచో నాపరాయి పరచిన ముంగిటిలో కాలు మోపలేని యెండ. శ్రావణము వచ్చినను మబ్బులేని యాకాశము. ఇట్టిచోట మనుష్యుల మాటయు వేడిగానే యుండునని వారి యూహ. ఎండ యందరిపైనను సమముగానే కాయును గదా! గనిలో రాయి పగులగొట్టువానికి తగులునంత యెండ నీడలో కూర్చున్న మేస్త్రీకి తగులదు. అయినను కోపము మేస్త్రీకే వచ్చును. కాబట్టి కోపము ఎండవలన వచ్చునది కాదు. ఎదుటివాడు మారు పలుకలేడను ధైర్యమువలన వచ్చునది.

వానలు కురియనప్పుడు విరాటపర్వము చదివించు నాచారము మనవారిలో గలదు. ఆ పర్వమును వానకొరకు వినుటయే గాని, దానిలోని యొక విశేషమును మనము గమనింపము. దానిలో పాండవులందరును ఉద్యోగులే. ధర్మరాజు కంకుడను పేర సభలో కొలువు చేసెను, భీముడు వంటవాడయ్యెను, అర్జునుడు నాట్యము నేర్పెను, నకులసహదేవులు గుఱ్ఱములను, ఆవులను చూచిరి, ద్రౌపది సుదేష్ణకు తలదువ్వు సైరంధ్రి యయ్యెను. ఏడాదిపాటు వారు మాటలు పడిరి. కీచకుడు సైరంధ్రిని నిండుకొలువులో కాలదన్నెను; రాజు చూచుచు నూరకుండెను. ధర్మమెక్కడనని యామె సభనడిగెను. సభకు సమాధానము దొరకలేదు. మరియొకనాడు కొడుకు గెలిచినాడని విరాటుడు పొంగిపోవుచుండగా, కంకుడు బృహన్నలను పొగడెను. రాజునకు కోపము వచ్చి చేతిలోని పాచికను విసరెను. కంకుని ముఖమునుండి రక్తము కారెను. సైరంధ్రి పరుగున వచ్చి యా రక్తము నేలబడకుండ పట్టెను. అది నేలబడినచో, అర్జునుడు కన్నచో, విరాటుని రాజ్యమేమగునో యామెకు తెలియును.

యజమాని నిగ్రహము దప్పి నౌకరుపై చేయిచేసికొన్న కథలలో మాకు ఇంతకంటె గొప్పది తెలియదు. కొట్టినవాడు రాజు, దెబ్బ తిన్నవాడు ఓర్చుకొన్నాడు, రక్తము నేలబడకుండ పట్టినది స్త్రీ. నేటికిని ఇండ్లలో జరుగుచున్నది ఇదియే. అయితే విరాటుని కాలమున రాజే న్యాయాధిపతి. అతనిపై నడుగువాడు లేడు. నేడు న్యాయస్థానములు గలవు. 'అంత మాట అనె గదా, వానిని చట్టమేమీ చేయదా?' యని మా వీథిలోని స్త్రీలు మమ్ములను పలుమారు లడిగిరి. మా వారి మిత్రులైన యొక న్యాయవాదిగారిని అడిగి, తీర్పులను చదివించుకొని, మేము గ్రహించినదానిని ఇక్కడ వ్రాయుచున్నాము.

న్యాయస్థానములు వచ్చినంతనే చట్టము నౌకరు పక్షమున నిలిచినదని తలంపరాదు. 1859 లో ఆంగ్లప్రభుత్వము చేసిన యొక చట్టము ప్రకారము, ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానుకొన్న పనివానిని మెజిస్ట్రేటు 3 నెలలవరకు కఠినశిక్షతో చెరలో పెట్టవచ్చును. పని మానుట నేరము. పని మానునంతగా తిట్టుట నేరము కాదు. ఆ చట్టమును తొలగించుటకు 1925 వరకు పట్టినది. మరుసటి యేడే, అనగా 1860 లో, వచ్చిన శిక్షాస్మృతి మాత్రము కొట్టినవాడు దొరయా, నౌకరా యని చూడక దెబ్బను దెబ్బగానే యెంచినది. ఆ శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. సెక్షనుల అంకెలు మారినవి గాని మూలసూత్రము మారలేదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. అధికారి గొంతు చించుకొని యరచినంత మాత్రమున అది నేరమగునా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 10 వ తేదీన సమాధానము చెప్పినది. ఆ వ్యాజ్యము మన తెలుగునాటనే పుట్టినది. సికిందరాబాదులో బుద్ధిమాంద్యము గలవారి సాధికారతకై యేర్పడిన జాతీయ సంస్థ యొకటి గలదు. అచ్చట సహాయాచార్యురాలుగా నున్న యొక స్త్రీ, కోవిడ్ రోజులలో సంస్థలో తగిన రక్షణవస్త్రములు, చేతితొడుగులు సమకూర్పలేదని ఆరోపించెను. 2022 ఫిబ్రవరిలో సంస్థ తాత్కాలిక సంచాలకుడు ఆమెను తన గదికి పిలిపించి, పైవారికి ఫిర్యాదులు చేసినందుకు పెద్ద గొంతుతో మందలించెనని ఆమె పోలీసులకు వ్రాసి యిచ్చెను. పోలీసులు కేసు పెట్టిరి. దానిలో ముఖ్యమైనది పాత శిక్షాస్మృతిలోని 504 వ సెక్షను; అనగా, ఎదుటివాడు శాంతిభంగము చేయునంతగా రెచ్చిపోవలెనని బుద్ధిపూర్వకముగా అవమానించుట. దానికి శిక్ష 2 ఏండ్లవరకు. కేసును కొట్టివేయుటకు తెలంగాణ హైకోర్టు ఒప్పుకొనలేదు. సంచాలకుడు సుప్రీంకోర్టునకు పోయెను. 'బి.వి. రాంకుమార్ - తెలంగాణ రాష్ట్రము' అను పేర ఆ తీర్పు వెలువడినది. న్యాయమూర్తులు సంజయ్ కరోల్, సందీప్ మెహతా గారలు.

కేసు కొట్టివేయబడినది. న్యాయమూర్తులు చెప్పినదాని సారమిది: మోటుగా మాటలాడుటయు, మర్యాద దప్పుటయు మంచివి కాకున్నను, అంతమాత్రమున 504 వ సెక్షను క్రింద నేరములు కావు. పనికిని, క్రమశిక్షణకును సంబంధించిన మందలింపును అవమానోద్దేశమని యెంచరాదు. అట్లెంచినచో ఏ కార్యస్థానమునను క్రమశిక్షణ నిలువదు. ఏ మాటలతో అవమానించెనో ఫిర్యాదులో స్పష్టముగా లేకపోవుటయు ఫిర్యాదికి బలహీనతయే.

ఈ తీర్పు విని మా వీథి సోదరీమణులలో నొకరు, 'అయితే తిట్టుటకు పట్టా యిచ్చినట్లే గదా!' యనిరి. మాకట్లు తోచలేదు. తీర్పు మందలింపును క్షమించినది గాని అవమానమును క్షమింపలేదు. మందలింపు వేరు, అవమానము వేరు. మందలింపు పనివంక చూచును; అవమానము మనిషివంక చూచును. 'ఈ లెక్క తప్పు, తిరిగి వ్రాయుము' అనునది మందలింపు. 'నీ పుట్టుకయే యంత' అనునది అవమానము. మొదటిదానికి గొంతు ఎంత పెరిగినను చట్టము చెవిని పెట్టదు. రెండవదానికి గొంతు తగ్గించి పలికినను చట్టము చెవియొగ్గు సందర్భములు గలవు.

మరియొక సంగతి. ఆ గదిలో జరిగిన సంభాషణ ఎంతసేపు నడచియుండును? దానిమీద వ్యాజ్యము మూడేండ్లు నడచినది. కడకు గెలిచిన అధికారికి ఆ మూడేండ్లు తిరిగి రావు. ఫిర్యాదు చేసిన స్త్రీకి ఆమె కోరిన న్యాయమును రాలేదు. గెలుపోటములు కాగితముమీద నున్నవి గాని, ఇద్దరి యిండ్లలోను నిద్రలేని రాత్రులు గడచియుండునని మా నమ్మకము. న్యాయస్థానమునకు పోకమునుపే గదితలుపు మూసి యొక మాట 'పొరబడితిని' అన్నచో తీరిపోవు తగవులు లోకమున నెన్ని లేవు!

ఇక చట్టము క్షమింపని కోపములేవో చెప్పెదము. వీనిని గుర్తుంచుకొనుట మేలు.

మొదటిది చేయి. కోపమున చెంపమీద కొట్టినను, తోసినను, చేతిలోని వస్తువును విసరి గాయపరచినను, కొట్టినవాడు మేనేజరా, ముఠామేస్త్రీయా యని చట్టమడుగదు. నొప్పి కలిగించు దెబ్బకు నేటి న్యాయసంహిత 115 వ సెక్షను క్రింద 1 ఏడాదివరకు చెర, లేదా 10,000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండును గలవు. విరాటుని పాచిక నేటి కాలమున ఈ సెక్షనులోనే పడును.

రెండవది బెదిరింపు. 'నీ కాళ్లు విరుగగొట్టింతును' అనునది మందలింపు కాదు. భయపెట్టి పని చేయించుకొనుటకో, ఫిర్యాదు మాన్పించుటకో పలికిన బెదిరింపునకు 351 వ సెక్షను క్రింద 2 ఏండ్లవరకు శిక్ష. ప్రాణము తీయుదునని బెదిరించినచో 7 ఏండ్లవరకు.

మూడవది స్త్రీ గౌరవము. స్త్రీ మర్యాదకు భంగము కలిగించు నుద్దేశముతో పలికిన మాటకు, చేసిన సైగకు 79 వ సెక్షను క్రింద 3 ఏండ్లవరకు చెర. ఇదిగాక, 1997 లో విశాఖ అను సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పిన సూత్రములను బట్టి 2013 లో వేరుగా చట్టము వచ్చినది. 10 మందియైనను పనిచేయు ప్రతిచోటను స్త్రీ అధ్యక్షురాలుగా నొక సమితి యుండవలెను. లైంగికమైన వేధింపు జరిగిన 3 నెలలలోపల దానికి ఫిర్యాదు వ్రాసి యీయవలెను. చిన్న అంగడులలో పనిచేయువారికిని, ఇండ్లలో పనిచేయు స్త్రీలకును జిల్లాలో స్థానిక సమితి గలదు.

నాలుగవది కులము. షెడ్యూల్డు కులమువానిని గాని, తెగవానిని గాని పదిమంది చూచుచుండగా కులము పేర దూషించినను, చిన్నబుచ్చవలెనని అవమానించినను, 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము క్రింద 6 నెలలకు తక్కువగాక 5 ఏండ్లవరకు చెర గలదు. కోపములో నోరు జారెననుట దీనికి జవాబు కాదు. కోపములో జారిన మాటయే లోపలనున్న మాటయని చెప్పువారితో మేము ఏకీభవింతుము. మా సీమలో ఏడాది జీతమునకు కుదిరిన సేద్యపు పనివారిని జీతగాండ్రందురు. అప్పున్నదను సాకుతో వారిని కదలనీయక వెట్టిపని చేయించు పద్ధతిని 1976 లో చట్టము తొలగించినది. అట్లు బలవంతపెట్టినవానికి 3 ఏండ్లవరకు చెర. మునుపటి 1859 చట్టము పని మానినవానిని చెరకు పంపగా, ఇది పని మాననీయనివానిని చెరకు పంపుచున్నది. తక్కెడ కొంతవరకు తిరిగినది.

కొంతవరకే యని యేల యంటిమో వినుడు. పనివాడు తన పైవానిని బూతులు తిట్టినందుకు ఉద్యోగమునుండి తొలగింపగా, 2005 లో మహీంద్రా కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ తొలగింపును సరియే యన్నది. 1982 లో రమాకాంత మిశ్రాయను పనివాని వ్యాజ్యమున మాత్రము, 14 ఏండ్లు మచ్చలేక పనిచేసినవానిని అనుచితముగా పలికిన మాటలకు తొలగించుట మితిమీరిన శిక్షయని చెప్పి, రెండు జీతవృద్ధులను ఆపుటతో సరిపెట్టినది. పనివాని నోరు జారినచో ఉద్యోగము పోవు ప్రమాదము గలదు. పైవాని నోరు జారినచో, పైన చెప్పిన నాలుగింటిలో నొకటియు కాకున్నచో, చెరయు లేదు. ఉద్యోగమును సామాన్యముగా పోదు. కేంద్రప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి విధినిర్వహణమున అమర్యాదగా ప్రవర్తింపరాదని చెప్పుచున్నది. అట్టి నియమములున్నచోట పైవానిపై శాఖాపరమైన విచారణ కోరవచ్చును. నియమమును కాగితమునుండి బయటికి తీయువారే తక్కువ.

కోపములో నోటినుండి వచ్చు మాటలలో సంసారములను ఎక్కువగా కూల్చునది తిట్టుగాదు; 'రేపటినుండి పనికి రావలదు' అను మాట. మా ఇరుగింటి సోదరి తమ్ముడు ఒక బట్టల అంగడిలో ఏడేండ్లు గుమాస్తాగా నుండెను. పండుగ రద్దీలో ఒక చీరెల మూట లెక్క తప్పినదని యజమాని కొనుగోలుదారుల యెదుట నతనిని నానావిధముల పలికి, రేపటినుండి రావలదనెను. మూట మరునాడు పై యంతస్తులోనే దొరికినది. అయినను యజమానికి పలికిన మాటను వెనుకకు తీసికొన మనసొప్పలేదు. ఆ సోదరి భర్త పోలీసుఠాణాకు పోదమనెను. న్యాయవాదిగారు వలదని చెప్పి, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణముల, సంస్థల చట్టమును చూపించిరి. అంగడిలో 6 నెలలు ఎడతెగక పనిచేసినవానిని తగిన కారణము లేకయు, నెలరోజుల ముందు వ్రాతమూలకమైన నోటీసో, నెల జీతమో యీయకయు తొలగింపరాదు. 5 ఏండ్లు దాటినవానికి ఏడాదికి 15 రోజుల జీతము చొప్పున పరిహారమును ఈయవలెను. కార్మికశాఖ కార్యాలయమున అర్జీ పెట్టిరి. యజమాని రెండు మారులు పిలుపు అందుకొని, మూడవమారు తానే మధ్యవర్తిని పంపి సొమ్ము చెల్లించెను. ఆ పిల్లవాడు ఆ యంగడికి మరల పోలేదు గాని, దొంగయను పేరు లేకుండ మరియొకచోట పనికి కుదిరెను. ఠాణాకు పోయియున్నచో ఏమి జరిగియుండునో చెప్పలేము. ఏ తలుపు తట్టవలెనో తెలియుటయే సగము న్యాయము.

మా యింటి సంగతి యొకటి చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మా వారు పనిచేయుచుండిన యొక పాఠశాలలో పైయధికారి, పరీక్షాపత్రముల లెక్క ఆలస్యమైనదని, తరగతిలో పిల్లల యెదుటనే హాజరుపట్టీని బల్లమీద విసరికొట్టి, చదువురానివారు పంతుళ్లయినారని పలికెను. మా వారు ఆ రాత్రి భుజింపలేదు. మరునాడు బడికి పోవుటకు చెప్పులు తొడుగుకొని, మరల విడిచి అరుగుమీద కూర్చుండిరి. పిల్లల ముఖములు చూచుట యెట్లని వారి బాధ. మేము ఓదార్పు మాటలు చెప్పలేదు. కాగితమును కలమును తెచ్చి యిచ్చి, ఏ దినమున, ఏ గంటకు, ఏ మాటలు, ఎవరెవరి యెదుట పలికిరో వ్రాయుమంటిమి. వ్రాయుచుండగా వారి చేతి వణకు తగ్గినది. ఆ పిమ్మట అధికారికి నాలుగు పంక్తుల జాబు వ్రాసిరి: లెక్క ఆలస్యమైనమాట నిజము, దానికి సమాధానము చెప్పుటకు సిద్ధము, పిల్లల యెదుట పలికిన మాటలు మాత్రము ఉపాధ్యాయుని గౌరవమునకు తగవు, ఇకముందు గదిలోనికి పిలిచి చెప్పవలెనని కోరిక. అధికారి జాబునకు బదులు వ్రాయలేదు, క్షమాపణము చెప్పలేదు. కాని ఆ యేడాదిలో మరల పిల్లల యెదుట ఏ పంతులుమీదను గొంతెత్తలేదు. ఆ జాబు నకలు నేటికిని మా పెట్టెలో నున్నది. అదియు సాక్ష్యమే, అంతకుమించి, మా వారు తలయెత్తుకొని తిరిగి బడికి పోవుటకు ఆ కాగితమే ఆధారమయ్యెను.

చెప్పుటకు మనసొప్పని సంగతి యొకటి మిగిలినది. అధికారి వేధింపు తాళలేక ప్రాణములు తీసికొన్నవారి వ్యాజ్యములును న్యాయస్థానములకు వచ్చినవి. ఆత్మహత్యకు పురికొల్పినవానికి 10 ఏండ్లవరకు శిక్ష గలదు. కాని 2010 లో గుజరాతు డ్రైవరొకని వ్యాజ్యమునను, 2024 లో లక్నో ఉద్యోగియొకని వ్యాజ్యమునను సుప్రీంకోర్టు అధికారులపై కేసులను కొట్టివేసినది. మరణమునకు నెట్టవలెనను నుద్దేశమును, దానికి దగ్గరి కార్యమును కనబడవలెనని దాని తాత్పర్యము. లక్నోలో మరణము 2006 లో జరిగినది. తీర్పు 18 ఏండ్లకు వచ్చినది. పోయిన మనిషికై యే తీర్పును ఇంటికి తేజాలదు. కావున మన యింటి మనిషి మాట తగ్గించినను, భోజనము మానినను, 'బ్రతికి యేమి ఫలము?' అన్నను, దానిని అలుకగా నెంచి యూరకుండరాదు. ప్రక్కన కూర్చుండి యడుగవలెను. ఒకనాడు చెప్పకున్న మరునాడు అడుగవలెను. అన్నదమ్ములను, స్నేహితులను, వైద్యుని పిలువవలెను. ఉద్యోగము పోయినను మనిషి మిగులుట ముఖ్యమని నోరువిడిచి చెప్పవలెను. ఆ మాట మగవారు మననుండి వినగోరుదురు గాని అడుగరు.

ఇంతవరకు పరుల కోపమును గూర్చి చెప్పితిమి. మన కోపము మాట? మన యింటికి అంట్లు తోముటకు వచ్చు స్త్రీకి మనమే యజమానురాండ్రము. గిన్నె పగిలినచో, ఒక పూట రాకున్నచో, మన నోటినుండి వచ్చు మాటలను ఒకమారు పైయధికారి నోటినుండి వచ్చినట్లు తలంచుకొని వినుడు. ఆమెకును ఇల్లు గలదు. ఆమె వెంటను మన కోపము నడచిపోవును. ఆమె బిడ్డయు దెబ్బ తినును. జీతములో కోత కోయుట, చేయి యెత్తుట, కులము పేరెత్తుట మగ యజమాని చేసినచో నెట్లో మనము చేసినను అట్లే. చట్టము వంటయింటి గడప దాటి లోనికి రాదనుకొనుట భ్రమ. విదురుడు ధృతరాష్ట్రునికి చెప్పిన నీతులలో, తన మేలుకోరు సేవకునిపై కోపపడని యజమానిని ఆపదలో సేవకులు విడువరన్న తాత్పర్యము గలది యొకటి యున్నది. జ్వరము వచ్చి మంచమెక్కినప్పుడు గంజి కాచి యిచ్చు చేయి ఎవరిదో తలంచినచో విదురుడు చెప్పినది మనకు తెలియును.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఇంటివారికి గాని, ఉద్యోగము చేయు మీకు గాని అధికారి కోపమువలన అవమానము కలిగినప్పుడు మొదట ఆ మాటలను ఉన్నవి యున్నట్లు, తేదీతో, సాక్షుల పేర్లతో వ్రాసి యుంచుడు. అది పనిని గూర్చిన మందలింపా, మనిషిని గూర్చిన అవమానమా యని చల్లబడిన పిమ్మట విచారించుడు. మందలింపైనచో దానిలో నిజమున్నంతవరకు స్వీకరించుడు. అవమానమైనచో అధికారికే జాబు వ్రాయుడు. దానితో తీరకున్నచో సంస్థలోని పైవారికి, సమితికి, కార్మికశాఖకు వ్రాయుడు. చేయి తగిలినను, ప్రాణభయము కలిగినను, కులమును, స్త్రీత్వమును చిన్నబుచ్చినను ఠాణాకు పోవుటకు జంకవలదు.

సైరంధ్రి ఆనాడు రక్తమును నేలబడకుండ పట్టినది, విరాటుని రాజ్యమును కాపాడినది. కాని పాండవులెవరో తెలిసిన పిమ్మట విరాటుడే వచ్చి క్షమింపుమని వేడుకొనెను. మనము రక్తమును పట్టునది చాలకాలముగా జరుగుచున్నది. క్షమింపుమను మాట అవతలివైపునుండి వచ్చునట్లు చేయుట యిప్పుడు నేర్వవలసియున్నది. అందుకు కావలసినది కోపమునకు కోపము కాదు. ఒక కాగితము, ఒక కలము, తగిన తలుపు.